కవల ప్రధాన సంఖ్య పట్టించిన దోషం

ఒకటి చేతను, తన చేతను తప్ప మరే పూర్ణసంఖ్య చేతను నిశ్శేషంగా భాగింపబడని, ఒకటి కంటె పెద్దదైన సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. రెండు ప్రధాన సంఖ్యల భేదం రెండే అయితే అవి కవలలు: 3, 5, 5, 7, 11, 13, 17, 19. మొదటి జంట మినహా ప్రతి జంట నడుమనున్న సంఖ్యా ఆరుకు గుణిజమే. ఇట్టి జంటలు అనంతమా కాదా అన్నది నేటికీ తేలలేదు.

ప్రధాన సంఖ్యలన్నింటి వ్యుత్క్రమాలను కూడుతూ పోతే ఆ మొత్తానికి హద్దు లేదని 1737లో ఆయిలర్ చూపారు. కవలల వ్యుత్క్రమాలను మాత్రమే కూడితే మొత్తం పరిమితమని 1919లో నార్వే గణితజ్ఞుడు విగ్గో బ్రూన్ నిరూపించారు. ఆయన పేరు పొందిన ఆ స్థిరాంకం సుమారు 1.902.

షాంటిలీకి నైరృతి దిశగా, ఇదే వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ పట్టణం ఉన్నది. అక్కడి లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యులు థామస్ నైస్లీ ఈ స్థిరాంకాన్ని మరింత సూక్ష్మంగా గణించదలచి, 1994 మార్చిలో తన కంప్యూటర్లకు ఒక పెంటియం యంత్రాన్ని జతచేశారు. జూన్‌లో ఫలితాలు పొసగలేదు. ఆయన తన ప్రోగ్రామును, యంత్రభాగాలను నెలల తరబడి ఒక్కొక్కటిగా పరీక్షించి, చివరకు 824633702441, 824633702443 అనే కవలల వద్ద దోషాన్ని పట్టుకున్నారు. మొదటి సంఖ్యతో ఒకటిని భాగిస్తే, ఎనిమిది సార్థక అంకెల తరువాత పెంటియం ఇచ్చినదంతా తప్పు. అక్టోబరు 30న ఆయన ఈ సంగతిని ఎలక్ట్రానిక్ లేఖ ద్వారా ఇతరులకు తెలియజేశారు.

ఈ సంఖ్యలోని విశేషమేమి? రెండు యొక్క 38వ ఘాతాన్ని మూడుతో గుణిస్తే 824633720832 వస్తుంది. మన సంఖ్య దానికి 18391 మాత్రమే తక్కువ. కోటికి కొద్దిగా తక్కువైన సంఖ్య తొమ్మిదులతో మొదలైనట్లే, ఇది ద్విసంఖ్యామానంలో 1, 0, ఆపై వరుసగా 23 ఒకట్లతో మొదలవుతుంది. పెంటియం భాగహారంలో ఒక్కొక్క అంకెను లోపలి పట్టికను చూసి నిర్ణయిస్తుంది. ఆ పట్టికలో రెండు ఉండవలసిన ఐదు గళ్ళలో సున్నా ఉండిపోయింది. ఇట్టి ఒకట్ల వరుస గల కొన్ని భాజకాలకు మాత్రమే లెక్క ఆ గళ్ళ మీదికి పోతుంది. అందుచేతనే దోషం అంతవరకు మరుగున ఉన్నది.

సామాన్య వినియోగదారునికి 27,000 ఏండ్లకొకసారి మాత్రమే ఇది ఎదురుకావచ్చునని ఇంటెల్ మొదట వాదించింది. అయినా 1994 డిసెంబరు 20న, అడిగినవారందరికీ చిప్పు మార్చి ఇస్తామని ప్రకటించింది. ఇందుకు 47.5 కోట్ల డాలర్ల వ్యయాన్ని లెక్కలో చూపింది.

నైస్లీ దోషాన్ని గుర్తించగలగడానికి కారణం, ఒకే లెక్కను వేర్వేరు మార్గాల్లో సరిచూచుకొనే ఆయన అలవాటు. 2024లో ప్రకటించిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్యను కూడా వేర్వేరు యంత్రాలపై, వేర్వేరు ప్రోగ్రాములతో సరిచూచిన పిదపనే అంగీకరించారు. వంతెనల బలాన్ని, విమానాల గమనాన్ని కంప్యూటర్ లెక్కలకు అప్పగించిన ఈ కాలంలో, ఆ అలవాటు గణితజ్ఞులకు మాత్రమే పరిమితం కారాదు.