కారు పోయింది... చేతికి వచ్చేదెంత?

9.60 లక్షలు పెట్టి కొన్న కారు మూడో ఏట దొంగల పాలైందనుకుందాం. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కంపెనీ కూడా పేచీ పెట్టకుండా క్లెయిమ్ ఒప్పుకుంది. అయినా యజమాని చేతికి వచ్చేది 60 వేల చిల్లర. ఇది అచ్చుతప్పు కాదు, ఎవరూ మోసం చేయలేదు. లెక్కే అంత. కారు పోయిన ఇంట్లో మొదటి వారమంతా దొంగ మీద కోపం. ఆ తర్వాత మనిషిని నమిలేసేది వేరు: ఎంత వస్తుందో తెలియదు, ఎప్పుడొస్తుందో తెలియదు, స్టేషనుకి ఎన్నిసార్లు తిరగాలో తెలియదు. దొంగని పట్టుకోవడం మన చేతుల్లో లేదు గానీ ఈ మూడింటికీ సమాధానాలున్నాయి.

ముందు ఒక పని. కారు నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. నో పార్కింగ్‌లో ఉందని ట్రాఫిక్ పోలీసులు తీసుకెళ్లి ఉండొచ్చు. వాయిదాలు బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్లు పట్టుకెళ్లి ఉండొచ్చు. ఈ రెండూ ఫోన్లో తేలిపోతాయి. అలాగే ఫాస్టాగ్ మెసేజ్‌లు చూడండి. దొంగ స్టిక్కరు పీకకుండా టోల్‌గేట్ దాటితే ఏ ప్లాజాలో, ఎన్ని గంటలకు డబ్బు కోసుకున్నారో మీ ఫోన్‌కే వస్తుంది. అంతకు మించిన ఆచూకీ మొదటి గంటల్లో దొరకడం కష్టం. దాన్ని పోలీసులకు చూపించాకే ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చెప్పి బ్లాక్ చేయించండి. కంగారులో చాలామంది ముందే బ్లాక్ చేయించేసి, ఉన్న ఒక్క ఆనవాలూ పోగొట్టుకుంటారు.

ఇక 112కి ఫోన్ చేసి, అదే రోజు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వాలి. ‘మా పరిధి కాదు, పక్క స్టేషన్‌కి వెళ్లండి’ అంటే? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. ఆన్‌లైన్‌లో పంపినా చెల్లుతుంది. 3 రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. అసలు కేసే కట్టకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు. స్టేషన్‌లో ఇచ్చే రసీదు చీటీ, ఎఫ్ఐఆర్ ఒకటే అనుకోవద్దు. బీమా కంపెనీ అడిగేది నంబరూ సెక్షనూ ఉన్న ఎఫ్ఐఆర్‌నే.

అదే రోజు బీమా కంపెనీకి ఫోన్ చేయండి, ఒక మెయిల్ కూడా పెట్టండి. ఫోన్‌లో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు, మెయిల్‌కు తేదీ ఉంటుంది. ‘కంపెనీకి చెప్పడం ఆలస్యమైపోయింది, ఇక అంతేనా?’ అని దిగులుపడేవాళ్లకు ఒక కబురు. ఒక ట్రాక్టరు యజమాని దొంగతనం జరిగిన రోజే పోలీసులకు చెప్పి, కంపెనీకి 52 రోజులు ఆలస్యంగా చెప్పాడు. కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి, దొంగతనం నిజమేనని తేలాక, కంపెనీకి చెప్పడంలో ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ తిరస్కరించకూడదని 2020 జనవరిలో ముగ్గురు న్యాయమూర్తుల బెంచ్ తీర్పు చెప్పింది. పోలీసులకు చెప్పడమే ఆలస్యమైతే మాత్రం ఈ తీర్పు మిమ్మల్ని కాపాడదు.

ఇప్పుడు డబ్బు సంగతి. పాలసీ మొదటి పేజీలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. కారు పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం అది. దాన్ని ఆన్‌రోడ్ ధర మీద కట్టరు. షోరూం ధర తీసుకుని, కారు వయసును బట్టి తరుగు తీసేస్తారు. 6 నెలల లోపు కారుకు తరుగు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం. అయిదేళ్లు దాటాక మీరూ కంపెనీ మాట్లాడుకుని ఖాయం చేసుకోవాలి. ఏటా రెన్యువల్ అప్పుడు ప్రీమియం ఓ వెయ్యి తగ్గుతుందని ఏజెంటు ఐడీవీని తగ్గించి చూపిస్తే, కారు ఇంటి ముందున్నంత కాలం ఆ తేడా కనిపించదు. పోయిన రోజున కనిపిస్తుంది.

మన ఉదాహరణలో కారు షోరూం ధర 8 లక్షలు. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపి రోడ్డెక్కేసరికి 9.60 లక్షలైంది. మూడో ఏడు నడుస్తోంది కాబట్టి తరుగు 30 శాతం, అంటే 2.40 లక్షలు. ఐడీవీ 5.60 లక్షలు. అందులో తప్పనిసరి కోత 1500 సీసీ లోపు కార్లకు 1,000 రూపాయలు, ఆపైన 2,000. మిగిలింది 5.59 లక్షలు. లైఫ్ ట్యాక్స్ కట్టిన డబ్బూ, సీటు కవర్ల డబ్బూ ఈ లెక్కలోకి రావు. డిక్కీలో ఉన్న లాప్‌టాప్, వెనక సీట్లో మర్చిపోయిన పెళ్లి పట్టుచీర కూడా రావు. విడిగా పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, సీఎన్‌జీ కిట్ లాంటివి పాలసీలో రాయించి ఉంటేనే వస్తాయి.

5.59 లక్షలు చేతికి 60 వేలెందుకైంది? అది ఫైనాన్స్ బండి. 7 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, ఏడేళ్లు: నెల వాయిదా సుమారు 11,260. ముప్పై వాయిదాలు కట్టాక కూడా బ్యాంకుకు ఇంకా 4.98 లక్షల పైచిలుకు బాకీ ఉంటుంది, ఎందుకంటే మొదటి ఏళ్లలో మనం కట్టేదాంట్లో వడ్డీ వాటా ఎక్కువ. ఆర్సీ మీద బ్యాంకు పేరు ఉంది గనక కంపెనీ ముందు బ్యాంకు అప్పు తీరుస్తుంది, మిగిలింది మీకిస్తుంది. మొదట కట్టిన 2.60 లక్షలు, వాయిదాల్లో పోసిన 3.38 లక్షలు కలిపి దాదాపు 6 లక్షలు ఇంటి నుంచి వెళ్లాయి. తిరిగొచ్చేది 60 వేలు. మిగతాది రెండున్నరేళ్లు కారు వాడుకున్నందుకూ, పన్నులకూ, వడ్డీకీ పోయిందనుకోవాలి. చేదు నిజమే, కానీ ఈ అంకె మొదటి వారంలోనే తెలిస్తే, క్లెయిమ్ డబ్బుతో కొత్త కారు తెచ్చుకుందామన్న ఆశతో షోరూంలో అడ్వాన్సు కట్టేయకుండా ఉంటారు.

‘కారే లేనప్పుడు వాయిదా ఎందుకు కట్టాలి?’ ఈ ప్రశ్న అడగని వాళ్లుండరు. న్యాయంగానే అనిపిస్తుంది కూడా. కానీ అప్పు తీసుకున్నది మీరు, కారు కాదు. వాయిదా ఆగితే పెనాల్టీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి అప్పుకి వెళ్లినప్పుడు అది అడ్డొస్తుంది. క్లెయిమ్‌కు నాలుగు నెలలు పట్టిందనుకోండి. ఆ నాలుగు వాయిదాలు కలిపి 45 వేలు. అందులో 30 వేల పైన అసలుకే జమవుతుంది కాబట్టి ఆ మేరకు బాకీ తగ్గి, మీ వాటా పెరుగుతుంది. నిజంగా పోయేది వడ్డీ కింద 14,600 దాకా. క్యాబ్‌ల ఖర్చు కలుపుకుని ఆ నాలుగు నెలలకు ఇంటి బడ్జెట్‌లో చోటు చూసుకోవడం మంచిది. బ్యాంకుకు ఎఫ్ఐఆర్ కాపీ ఇచ్చి ఒక ఉత్తరం కూడా పెట్టండి.

తాళాల దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే క్లెయిములు బెడిసికొట్టేది ఎక్కువగా ఇక్కడే. కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటరు ఇంటికొచ్చి మొదట అడిగేది రెండు తాళాలూ. రోజూ వాడేది అరిగి, గీతలు పడి ఉంటుంది. బీరువాలో దాచిన రెండోది కొత్తగా మెరుస్తూ ఉంటుంది. ఆయన రెండింటినీ అటూ ఇటూ తిప్పి చూసి, వాంగ్మూలం రాయించుకుని పట్టుకెళ్తాడు. ఒకటే ఉంటే, రెండోది ఎక్కడ అన్న ప్రశ్న మొదలవుతుంది: కారులోనే వదిలేశారా, డ్రైవరు దగ్గరుందా, ఎవరికైనా ఇచ్చారా. తాళం పోయిన రోజే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, కంపెనీకి తెలిపి ఉంటే జవాబు సులువు. లేకపోతే అజాగ్రత్త కింద రాస్తారు.

తాళం బండికే వదిలి టీ తాగడానికి దిగితే ఇక ఒక్క రూపాయీ రాదా? అలా ఏమీ లేదు. డ్రైవరు తాళం వదిలి దిగిన ఒక లారీ కేసులో సుప్రీంకోర్టు 2023లో క్లెయిమ్‌ను పూర్తిగా కొట్టేయకుండా 75 శాతం ఇవ్వమంది. దీన్ని నాన్ స్టాండర్డ్ సెటిల్‌మెంట్ అంటారు. షరతు తప్పినందుకు కోత పెట్టి మిగతాది ఇవ్వడం. మన లెక్కలో 5.60 లక్షలకు 75 శాతం 4.20 లక్షలు. బ్యాంకు బాకీ 4.98 లక్షలు. అంటే కంపెనీ డబ్బిచ్చాక కూడా, లేని కారుకి మీరు ఇంకా 78 వేల పైన కట్టాలి. అయిదు నిమిషాల అజాగ్రత్త విలువ 1.40 లక్షలు.

కాగితాల్లో అన్నిటికన్నా ఓపిక పరీక్షించేది ఒకటుంది. వెతికాం, దొరకలేదు అని పోలీసులు కోర్టుకు ఇచ్చే తుది నివేదిక. స్టేషన్‌లో దాన్ని అన్‌డిటెక్టెడ్ రిపోర్ట్ అంటారు, కంపెనీ వాళ్లు నాన్ ట్రేసబుల్ అంటారు. ఇది రావడానికి నెలలు పట్టడం మామూలే, ఇది లేకుండా కంపెనీ సాధారణంగా డబ్బు వదలదు. రోజూ వెళ్లి అడగడం వల్ల అటు వాళ్లకీ ఇటు మీకూ విసుగే. ముందు చెప్పుకున్న నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలి. ఆ తేదీని క్యాలెండరులో రాసిపెట్టుకుని, దాటగానే రాతపూర్వకంగా అడగండి. ఈలోగా ఆర్టీఏ ఆఫీసులో దొంగతనం సంగతి రాసివ్వండి, మీ నంబరు మీద ఎవరో చేసిన తప్పులకు చలానాలు మీకు రాకుండా అది ఆధారమవుతుంది. ఒక హెచ్చరిక: కారు ఫొటోతో పాటు ఫోన్ నంబరు కూడా వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే, ‘మీ కారు మా దగ్గరుంది, ముందు డబ్బు పంపండి’ అనే ఫోన్లు రావచ్చు. అలాంటి నంబర్లను స్టేషన్‌కి ఇవ్వండి, డబ్బు పంపకండి.

కారు దొరికితే? క్లెయిమ్ డబ్బు రాకముందే దొరికితే అది మీదే. కోర్టులో దరఖాస్తు పెట్టి తాత్కాలికంగా విడిపించుకోవచ్చు. స్టేషన్ ఆవరణలో బండ్లను ఏళ్ల తరబడి తుప్పు పట్టనివ్వొద్దని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. దెబ్బతిన్న భాగాలకు పాలసీలో సొంత బండి నష్టం వాటా (ఓడీ) కింద క్లెయిమ్ చేసుకోవచ్చు. డబ్బు తీసుకున్నాక దొరికితే కారు కంపెనీది.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి ఏడాదిలోగా వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు తీసుకుంటారు.

ఇక కారు ఇంకా ఇంటి ముందే ఉన్నవాళ్లకు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు మూడేళ్లు, బైకులకు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాన్ని చూసి ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అనుకుంటాం. థర్డ్ పార్టీ మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. దొంగతనం ఓడీలో ఉంటుంది, అంటే సొంత బండికి జరిగే నష్టం వాటాలో. కొత్త బండికి అది ఏడాదికే తీసుకుని మళ్లీ కట్టకపోతే రెండో ఏట దొంగల పాలైన బైకుకి పైసా రాదు. కారు కొత్తదైతే రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవర్ గురించి అడగండి. పన్నులతో సహా కొన్న ధర ఇస్తారు, మొదటి కొన్నేళ్లకే దొరుకుతుంది. తాత్కాలిక రిజిస్ట్రేషన్ (టీఆర్) నంబరు గడువు దాటాక బండి తిప్పొద్దు; అలా తిప్పుతూ పోగొట్టుకున్న ఒక బొలేరో క్లెయిమ్‌ను సుప్రీంకోర్టు 2021లో కొట్టేసింది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఆర్సీ మీ పేరు మీదకి మారినా పాలసీలో ఓడీ భాగం దానంతటదే మారదు, 14 రోజుల్లోగా మీరే దరఖాస్తు పెట్టాలి. ఇవాళ పాలసీ తెరిచి మూడు చూడండి: ఓడీ గడువు తేదీ, ఐడీవీ, యజమాని పేరు. పేరు పాతాయనదే ఉంటే రేపటిదాకా ఆగకుండా కంపెనీకి రాయండి.