బిట్‌కాయిన్ వాటా పెరిగితే చిన్న నాణేల గతి ఏమిటి?

సికింద్రాబాద్: క్రిప్టో నాణేల మార్కెట్టులో బిట్‌కాయిన్ వాటా అనే అంకెను చూసి కొనుగోళ్లు, అమ్మకాలు నిర్ణయించుకునే వర్తకులు ముందు ఆ అంకె అర్థాన్ని సరిగా గ్రహించడం అవసరం. అన్ని నాణేల మొత్తం విలువలో బిట్‌కాయిన్ విలువ నూటికి ఎంతో చెప్పేదే ఈ వాటా. అది ధర కాదు.

పెద్ద నాణెం, చిన్న నాణెం లెక్క ఈ ఊరికి కొత్త కాదు. నిజాం కాలంలో ఇక్కడి కంటోన్మెంటులో కల్దార్ రూపాయి, సంస్థానంలో హాలీ సిక్కా చెలామణి అయ్యేవి. 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు మారకంగా ఉండేది. హాలీకి సంస్థాన ప్రభుత్వం పూచీ ఉండేది. చిన్న క్రిప్టో నాణేలకు అటువంటి అండ లేదు. బిట్‌కాయిన్‌తో వాటి మారకం గంటగంటకూ మారుతుంది.

ఒకే అంకె, రెండు అర్థాలు

మొత్తం విలువ 100 రూపాయలు, అందులో బిట్‌కాయిన్ 50, మిగతావి 50 అనుకుందాం. మందీ వచ్చి బిట్‌కాయిన్ 45కు, మిగతావి 30కి దిగితే, మొత్తం 75లో బిట్‌కాయిన్ వాటా నూటికి 60 అవుతుంది. బిట్‌కాయిన్ ఉన్నవారికి నూటికి 10, చిన్న నాణేలు ఉన్నవారికి నూటికి 40 నష్టం. అలాకాక తేజీలో బిట్‌కాయిన్ 75కు ఎగబాకి, మిగతావి 50 వద్దనే నిలిచినా వాటా 60కే చేరుతుంది. అప్పుడు చిన్న నాణేలవారికి నష్టమూ లేదు, లాభమూ లేదు.

రెండూ జరిగినవే. కొత్త నాణేల విక్రయాలు ముమ్మరంగా సాగి 2018 జనవరిలో బిట్‌కాయిన్ వాటా 35కు దిగువకు వచ్చింది. ఆ ఏడాది బిట్‌కాయిన్ ధర భారీగా పతనమైనా, చిన్న నాణేలు అంతకంటె ఎక్కువ దిగజారడంతో డిసెంబరునాటికి వాటా 50 దాటింది. ఇందుకు భిన్నంగా, 2024 జనవరిలో అమెరికాలో స్పాట్ బిట్‌కాయిన్ ఇ.టి.ఎఫ్. నిధుల లావాదేవీలు మొదలయ్యాయి. ఆ నిధులలోకి వచ్చిన సొమ్ము బిట్‌కాయిన్ కొనుగోలుకే పోతుంది. ఆ ఏడాది నవంబరులో వాటా 60 దాటగా, డిసెంబరులో ధర లక్ష డాలర్లు దాటింది. చిన్న నాణేలకు ఆ ఊపు సమంగా అందలేదు.

మందీలో చిన్న నాణేలు ఎక్కువగా దెబ్బతినడానికి కారణం గిరాకీ పలచన కావడమే. కొనేవారు తక్కువ కనుక కొద్దిపాటి అమ్మకాల ఒత్తిడికే ధర జారుతుంది. అప్పు తెచ్చి కొన్నవారు మార్జిన్ కట్టలేక అమ్ముకుంటే పతనం మరింత వేగమవుతుంది.

వాటా తగ్గితే చిన్న నాణేలకు తేజీ అనుకోవడమూ సరికాదు. డాలరుకు ముడిపెట్టిన టెథర్ వంటి నాణేలు అధికంగా జారీ అయినా మొత్తం విలువ పెరిగి బిట్‌కాయిన్ వాటా తగ్గుతుంది. ఆ సొమ్ము చిన్న నాణేలలోకి రాకపోవచ్చు.

పన్ను భారం

వాటాను బట్టి మాటిమాటికీ నాణెం మార్చేవారు పన్నును మరువరాదు. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ లాభాలపై నూటికి 30 పన్ను, జూలై 1 నుంచి బదిలీలపై నూటికి 1 వంతున టి.డి.ఎస్. అమలులోకి వచ్చాయి. చిన్న నాణెం ఇచ్చి బిట్‌కాయిన్ తీసుకున్నా బదిలీయే. ఒకదాని నష్టాన్ని మరొకదాని లాభంలో మినహాయించుకునే వీలు లేదు. బిట్‌కాయిన్‌లో లక్ష లాభం, చిన్న నాణెంలో లక్ష నష్టం వచ్చినవారికి మిగిలేది సున్నా. కట్టవలసింది 30 వేలు, పైన సెస్సు.

కనుక వాటా అంకె పక్కనే బిట్‌కాయిన్ ధర, టెథర్ వంటివి మినహాయించి చిన్న నాణేల మొత్తం విలువ రాసి చూసుకోవాలి. వాటా పెరిగి ధర తగ్గుతుంటే చిన్న నాణేలలో కొత్త కొనుగోళ్లకు దిగకపోవడం మేలు. రెండూ పెరుగుతుంటే తొందరపాటు తగదు. ధర నిలకడగా ఉండి, వాటా తగ్గుతూ, చిన్న నాణేల విలువ నిజంగా పెరుగుతున్నప్పుడే సొమ్ము వాటివైపు మళ్లినట్లు భావించవచ్చు.