ఆట ముగిసినా కబుర్లు మిగిలాయి

నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు ఇంట పుట్టిన సి.కె. నాయుడు 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టుకు నాయకుడూ ఆయనే. ఆ బొంబాయి ఆట చూసినవారు నేడు లేరు. అయినా తండ్రులు కొడుకులకు చెప్పబట్టి ఆ సిక్సర్లు మన ఇళ్లలో ఇంకా ఎగురుతూనే ఉన్నాయి.

మరి ఫుట్‌బాల్ మాటేమిటి? హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడే రహీం కన్నుమూశారు.

ఆనాటి కుర్రాళ్లు ఇప్పుడు డెబ్బై దాటిన తాతగార్లు. స్కోర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆ గెలుపు కబురు వీధిలోకి ఎవరు మోసుకొచ్చారో, ఎవరింట మిఠాయి పంచారో మాత్రం వారి నోటనే వినాలి. డిపాజిట్‌కు నామినేషన్ రాస్తాం కదా, జ్ఞాపకాలకూ వారసులు కావాలి. ఈ సెలవుల్లో పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి తాతగారి పక్కన కూర్చోబెట్టండి.