పేగు గోడలో గాలి: నెలలు నిండని బిడ్డ పొట్ట ఉబ్బితే

పొట్టలో గాలి చేరడం మనకు కొత్త కాదు. శనగపప్పు ఎక్కువ తిన్నా, వేళ తప్పి తిన్నా పొట్ట ఉబ్బుతుంది. కాస్త వాము నమిలితే సర్దుకుంటుంది. ఆ గాలి పేగు గొట్టం లోపల ఉంటుంది కాబట్టి ఏదో ఒక దారిన బయటికి పోతుంది. ఇప్పుడు నేను మీకు చెప్పబోయే గాలి వేరు. అది పేగు గోడలోనే చిక్కుకుంటుంది. దీనిని వైద్యులు న్యుమటోసిస్ ఇంటెస్టినాలిస్ అంటారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలో ఇది కనబడితే పేగు దెబ్బతింటున్నదని వైద్యులు వెంటనే జాగ్రత్త పడతారు. అందుకే తల్లులు, అమ్మమ్మలు, నాయనమ్మలు దీని గురించి తెలుసుకోవాలి.

పేగు గోడ ఒకే పొర కాదు. లోపల పాలను, ఆహారాన్ని పీల్చుకునే మెత్తని పొర, దాని కింద రక్తనాళాలుండే పొర, ఆపైన కండర పొర, అన్నిటికీ వెలుపల పలుచని కప్పు ఉంటాయి. వానాకాలంలో పాత గోడ తడిసినప్పుడు సున్నం కింద గాలి చేరి అక్కడక్కడ పొంగడం మీరు చూసే ఉంటారు. పేగు గోడలో కూడా అలాగే పొరల మధ్య బుడగలు లేస్తాయి.

ఈ గాలి ఎక్కడిది? మన పేగుల్లో సూక్ష్మక్రిములు ఎప్పుడూ ఉంటాయి. అరగకుండా మిగిలిన పాలలోని చక్కెరను అవి పులియబెట్టినప్పుడు వాయువు పుడుతుంది. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. గట్టి పేగు అయితే క్రిములను లోపలే ఆపుతుంది. ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో పుట్టిన బిడ్డ పేగు ఇంకా లేతది. లోపలి పొర పలుచన, పేగు కదలిక మందం, రక్తప్రసరణ కూడా నిలకడగా ఉండదు. పొర ఎక్కడైనా చిట్లితే క్రిములు గోడలోకి చొరబడి అక్కడే వాయువును పుట్టిస్తాయి. గోడ వాచి, రక్తం అందక, నల్లబడి, చివరకు చిల్లి పడవచ్చు. అప్పుడు పేగులోని మలినం పొట్టంతా వ్యాపిస్తుంది. ఈ జబ్బు పేరు నెక్రోటైజింగ్ ఎంటెరోకోలైటిస్. వార్డులో మేము ముద్దుగా, కాదు, భయంగా ఎన్.ఇ.సి. అంటాము. 32 వారాలకంటే ముందు పుట్టిన బిడ్డలకు, ఒకటిన్నర కిలోకంటే తక్కువ బరువున్న బిడ్డలకు దీని ముప్పు ఎక్కువ. పుట్టిన రోజే రావాలని లేదు. మరీ ముందుగా పుట్టిన బిడ్డలకు రెండు మూడు వారాలకు, 'ఇక గండం గడిచింది' అని అందరూ ఊపిరి పీల్చుకున్న తర్వాత కూడా వస్తుంది.

కొన్నేళ్ల క్రితం నాంపల్లి వైపు బస్తీనుండి ఒక అమ్మమ్మ మనుమడిని ఒడిలో పెట్టుకుని మా దగ్గరకు వచ్చింది. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ, ఇంటికి వెళ్లి నాలుగు రోజులే అయింది. తల్లికి పాలు చాలడం లేదని ఎవరో అంటే ఆబిడ్స్‌లో మందుల షాపులో పాలడబ్బా కొన్నారు. బిడ్డ త్వరగా బలం పుంజుకోవాలని డబ్బామీద చెప్పినదానికంటే పొడి ఎక్కువ వేసి చిక్కగా కలిపారు. రెండో రోజు రాత్రి పొట్ట ఉబ్బింది. ఆముదం రాసి వెచ్చచేసిన తమలపాకు పొట్టమీద వేశారు, బొడ్డుచుట్టూ ఇంగువ పట్టించారు. తెల్లవారి బిడ్డ ఆకుపచ్చగా కక్కాడు. అయినా మధ్యాహ్నం దాకా చూశారు. నేను బట్ట తీసి చూసేసరికి పొట్ట చర్మం బిగుసుకుని నిగనిగలాడుతోంది. బిడ్డ ఏడవడం లేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది. వెంటనే పెద్దాసుపత్రికి పంపించాము. పేగుకు చిల్లి పడింది, ఆపరేషన్ చేసి జానెడు పేగు తీసేశారు. బిడ్డ బ్రతికాడు. తమలపాకు చేసిన హాని ఏమీ లేదు, అమ్మమ్మను నేను తప్పు పట్టలేదు. కానీ ఆ రాత్రి, ఆ ఉదయం తిరిగి రావు కదా.

కాబట్టి ఈ గుర్తులు చదివి ఇంట్లో అందరికీ చెప్పండి. పొట్ట ఉబ్బి గట్టిపడడం, చర్మం నిగనిగలాడడం లేదా ఎర్రబడడం. ఆకుపచ్చ వాంతి. దొడ్డిలో రక్తపు చార. నిన్నటిదాకా పాలు తాగిన బిడ్డ ఈరోజు నోరు తెరవకపోవడం, మగతగా పడి ఉండడం, ఒళ్లు చల్లబడడం, మధ్యమధ్య ఊపిరి ఆగడం. నెలలు నిండని బిడ్డలో వీటిలో ఏ ఒక్కటి కనబడినా పాలు పట్టడం ఆపి 108కి ఫోన్ చేయండి. వాము నీళ్లు, గ్రైప్ వాటర్, తేనె ఏదీ నోట్లో వేయవద్దు.

ఆబిడ్స్, నాంపల్లి ప్రాంతాల వారికి పసిపిల్లల పెద్దాసుపత్రి దూరం కాదు. నాంపల్లి స్టేషన్‌నుండి ఆటోలో కొద్ది నిమిషాలు వెళితే రెడ్‌హిల్స్‌లో నిలోఫర్ ఆసుపత్రి ఉంది. మన మొజంజాహీ మార్కెట్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ మొఅజ్జం జా భార్యే నిలోఫర్ యువరాణి. తన పరిచారిక కాన్పులో చనిపోతే తట్టుకోలేక ఆమె తల్లీపిల్లలకు ఆసుపత్రి కావాలని పట్టుబట్టారని చెబుతారు. అది 1953లో వెలిసింది.

ఆసుపత్రిలో మొదట పొట్ట ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రేలో గాలి నల్లగా కనబడుతుంది. పేగు గోడలో గాలి ఉంటే సన్నని నల్లచుక్కలుగానో, రైలు పట్టాల్లా పక్కపక్కన రెండు గీతలుగానో తెలుస్తుంది. కాలేయానికి వెళ్లే రక్తనాళంలో కూడా గాలి కనబడితే జబ్బు ముదిరినట్టు. చిల్లి పడిందేమో చూడడానికి కొన్ని గంటలకొకసారి మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. "ఇన్ని ఎక్స్‌రేలు ఎందుకు సిస్టర్?" అని తండ్రులు కోప్పడుతుంటారు. ఆపరేషన్ ఎప్పుడు చేయాలో చెప్పేది అవే. చిల్లి పడకపోతే చాలామంది బిడ్డలకు కత్తి పని ఉండదు. నోటిద్వారా పాలు ఆపి, పొట్టలోకి గొట్టం వేసి గాలిని తీసేస్తూ, నరంద్వారా ఆహారం, యాంటీబయాటిక్స్ ఇస్తారు. ఇది సాధారణంగా ఏడునుండి పద్నాలుగు రోజులు సాగుతుంది. కోలుకున్న కొన్ని వారాలకు ఆ చోట పేగు ఇరుకు కావచ్చు. మళ్లీ పొట్ట ఉబ్బినా, దొడ్డి ఆగినా చూపించాలి.

పెద్దవారి స్కాన్ రిపోర్టులో ఇదే మాట చూసి హడలిపోయి వచ్చేవారు కూడా ఉన్నారు. ఊపిరితిత్తుల జబ్బు చాలాకాలంగా ఉన్నవారిలో పేగు గోడలో గాలి బుడగలు ఏ బాధా లేకుండా ఉండిపోవచ్చు. వాటికి ఆపరేషన్ అవసరం లేకపోవచ్చు. తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, నీరసం తోడైతే మాత్రం అది అత్యవసరం. పేగుకు రక్తం ఆగిపోయి ఉండవచ్చు.

మళ్లీ బిడ్డ దగ్గరకు వస్తాను. ఈ జబ్బును పూర్తిగా ఆపే మందు లేదు. తగ్గించే వాటిలో ముఖ్యమైనది తల్లిపాలు. బ్రిటన్‌లో 926 మంది నెలలు నిండని బిడ్డలను పరిశీలించి 1990లో ప్రకటించిన ఫలితం ఇది: తల్లిపాలు మాత్రమే తాగినవారికంటే డబ్బాపాలు మాత్రమే తాగినవారిలో ఎన్.ఇ.సి. ఆరునుండి పది రెట్లు ఎక్కువగా వచ్చింది. తల్లిపాలలో పేగు పొరను కాపాడే పదార్థాలున్నాయి. అవి ఏ డబ్బాలోనూ అలాగే దొరకవు. డబ్బాపాలకు ప్రచారం చేయరాదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. అయినా 'పాలు చాలవేమో' అన్న ఒక్క మాట చాలు, ఇంటికి డబ్బా వచ్చేస్తుంది.

తల్లికి నిజంగా పాలు రాకపోతే? నిలోఫర్‌లో 2017లో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు మొదలైంది. ఇలాంటి బ్యాంకుల్లో పాలిచ్చే తల్లులకు రక్తపరీక్షలు చేసి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, చల్లార్చి, గడ్డకట్టించి దాస్తారు. వేరే తల్లి పాలా అని ముఖం చిట్లించవద్దు. రక్తం ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నవాళ్లం, దీనికేం?

బిడ్డకు పాలు ఆపేశారని మీరు పిండడం మానవద్దమ్మా. చాలామంది తల్లులు అక్కడే మానేస్తారు, తిరిగి పాలు పట్టే రోజుకు రొమ్ము ఎండిపోతుంది. కాన్పు అయిన ఆరు గంటలలోపే మొదలుపెట్టి, రాత్రితో కలిపి రోజుకు ఎనిమిదిసార్లు పిండాలి. మొదటి రోజు చెంచాడే రావచ్చు. ఆ పసుపుపచ్చని ముర్రుపాలను ఒక్క బొట్టు కూడా పారబోయవద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన నీటితో శుభ్రం చేసిన మూత గిన్నెలోకి పిండండి. గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంటాయి. ఎండాకాలంలో గదిలో అంతసేపు ఉంచక, పిండిన వెంటనే గిన్నెమీద మీ పేరు, వేళ రాసి వార్డులోని సిస్టర్‌కు ఇచ్చేయండి.