ఛాతీ తెరవకుండానే చిన్నారుల గుండె రంధ్రాలకు చికిత్స: సకాలంలో గుర్తింపే కీలకం

అనంతపురం: పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న ప్రతి బిడ్డకూ ఛాతీ తెరిచే శస్త్రచికిత్స తప్పనిసరి కాదు. అనువైన రంధ్రాలను తొడలోని రక్తనాళం ద్వారా పంపే సన్నని గొట్టంతోనే మూసివేసే విధానం అందుబాటులో ఉంది. అయితే లోపాన్ని సకాలంలో గుర్తించినప్పుడే ఈ ప్రయోజనం బిడ్డకు దక్కుతుంది. తరచు కరవు బారిన పడే అనంతపురం పీఠభూమిలో ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఉంది.

చికిత్స విధానం

పుట్టే ప్రతి 1,000 మంది శిశువులలో సుమారు 8 మందికి గుండె లోపాలు ఉంటాయి. రంధ్రం ఉన్నవారికి ఎక్స్‌రే, ఎకో దృశ్యాల సహాయంతో వైద్యులు గొట్టాన్ని గుండెకు చేరుస్తారు. అందులో ముడుచుకొని ఉన్న నికెల్, టైటానియం మిశ్రమలోహపు తీగల అల్లిక వెలుపలికి రాగానే విచ్చుకొని, గోడకు ఇరువైపులా బిళ్ళల వలె అమరి రంధ్రాన్ని మూసివేస్తుంది. కొన్ని నెలలలో దానిపై గుండె లోపొర పెరుగుతుంది. గుండె పై గదుల మధ్య రంధ్రాన్ని ఈ తరహాలో మూసివేయడం 1975లో అమెరికాలో తొలిసారిగా జరిగింది.

ఛాతీ తెరిచినచో రొమ్ము ఎముక అతుక్కొనుటకు సుమారు 6 వారాలు పడుతుంది. గొట్టం విధానంలో సాధారణంగా ఒకటి రెండు రోజులలో ఇంటికి పంపుతారు. దినసరి కూలిపై ఆధారపడిన తల్లిదండ్రులకు ఆ వ్యత్యాసం కొన్ని వారాల వేతనంతో సమానం.

పరిమితులు

ఈ విధానం అందరికీ వర్తించదు. పరికరం నిలిచేందుకు రంధ్రం చుట్టూ తగినంత అంచు ఉండాలి. సంక్లిష్ట లోపాలకు శస్త్రచికిత్సే మార్గం. కొన్ని చిన్న రంధ్రాలు వాటంతటవే మూసుకుపోతాయి. పరికరం జారే అవకాశం స్వల్పంగా ఉన్నందున తదుపరి పరీక్షలు తప్పనిసరి.

జాప్యం జరిగితే పెద్ద రంధ్రం గుండా ఊపిరితిత్తులకు అధికంగా రక్తం చేరి, అక్కడి రక్తనాళాలు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఆ దశలో రంధ్రాన్ని మూయడమే ప్రాణాపాయం కాగలదు.

అందుబాటులో సేవలు

పుట్టపర్తి సమీపంలోని ప్రశాంతిగ్రామంలో 1991 నవంబరు 22న ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ ఉచితంగా గుండె చికిత్సలు అందిస్తోంది. 2022 నుంచి ఈ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం తొలుత అమలైన 3 జిల్లాలలో అనంతపురం ఒకటి. నేడు ఆ పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలవుతోంది.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలలో ఏడాదికి రెండుసార్లు, పాఠశాలల్లో ఒకసారి పరీక్షలు జరపాలి. బెంగళూరు తదితర ప్రాంతాలకు వలస వెళ్ళిన కుటుంబాల పిల్లలు ఆ రోజున ఊరిలో లేకపోతే పరీక్షకు దూరమవుతారు. వారు తిరిగి వచ్చిన వెంటనే ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలు వివరాలు సేకరించి పరీక్షకు పంపడం ఆవశ్యకం.

గమనించవలసిన లక్షణాలు

పాలు తాగుతూ మధ్యలో ఆయాసపడి ఆగిపోవడం, నుదుట చెమట, బరువు పెరగకపోవడం, తరచు న్యుమోనియా, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఎకో పరీక్ష చేయించాలి. కొందరిలో ఏ లక్షణమూ పైకి కనిపించదు కనుక వైద్యుడు స్టెతస్కోపుతో గుండె చప్పుడు వినడం ముఖ్యం. ఈ వివరాలను గ్రామస్థాయికి చేర్చేందుకు పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు సహకరించవలసిందిగా విజ్ఞప్తి.