అరిటాకులో వేసవి భోజనం

వేసవి మధ్యాహ్నపు భోజనం తేలికగా ఉండటమన్నది వంటల లెక్కను బట్టి కాదు, వాటి పొత్తును బట్టి ఉంటుంది. పప్పులోకి నెయ్యి పడుతుంది కనుక కూరలో నూనె తగ్గాలి. పచ్చడి కారంగా ఉంటే పులుసు కమ్మగా ఉండాలి. వేపుళ్ళూ మసాలాలూ పక్కనపెట్టి, నీరు నిండిన బీర, సొర, పొట్ల, దోసకాయల్లోంచి రెండు ఎంచుకుంటే సగం పని అయినట్టే.

నలుగురికి ఒక కూర్పు ఇది: మామిడికాయ పెసరపప్పు, బీరకాయ కూర, బీరపొట్టు పచ్చడి, సొరకాయ మజ్జిగపులుసు, అన్నం, పెరుగు. నంజుకోవడానికి చల్లమిరపకాయలు, గుమ్మడి వడియాలు. చివర తాటిముంజలు.

సరుకు, వంట

బీరకాయ ఉడికితే సగానికి సగం తగ్గిపోతుంది కాబట్టి కిలోకి తగ్గకుండా తీసుకోవాలి. చెక్కిన పొట్టుతోనే పచ్చడి అవుతుంది. పచ్చిమిర్చితో వేయించి, చింతపండు చేర్చి రుబ్బి తాలింపు పెడితే చాలు. బీరైనా సొరైనా తరిగేముందు చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడాలి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాల్సిందే. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్లు ఉడికించినా పోవు, వాంతులు, విరేచనాలు తెస్తాయి.

పని ముందురోజు రాత్రి పాలు తోడుపెట్టడంతో మొదలవుతుంది. ఎండాకాలంలో పెరుగు త్వరగా పులుస్తుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెడితే అన్నంలోకి కమ్మగా ఉంటుంది. అంతకుముందు మిగిలిన పుల్లపెరుగు మజ్జిగపులుసుకు పనికొస్తుంది.

పెసరపప్పును కమ్మటి వాసన వచ్చేదాకా దోరగా వేయించి ఉడికిస్తే ముద్దకాకుండా పలుకు నిలుస్తుంది. కుక్కర్ అక్కర్లేదు. మామిడి ముక్కలు పప్పు మెత్తబడ్డాకే వేయాలి, పులుపు ముందే తగిలితే పప్పు ఉడకడానికి మొరాయిస్తుంది. మజ్జిగ విరగకుండా చెంచాడు శనగపిండి కలిపి, విడిగా ఉడికించిన సొరముక్కలు వేసి, సన్నసెగన కలుపుతూ పొంగు రాబోతుండగా దించాలి. మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు తాలింపు అప్పుడే పడాలి. వడియాలు వేయించడం వడ్డనకు ముందు, అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు.

బల్ల అలంకరణ

బల్ల మీద పాత మంగళగిరి నూలు చీరను కొలతకు కత్తిరించి పరిస్తే, జరీ అంచే అలంకారం. ఆకుపచ్చ ఆకు, తెల్లటి అన్నం, పసుపుపచ్చని పప్పు ఉండగా వేరే రంగులు ఎక్కువ అక్కర్లేదు. మధ్యలో పూలు పెట్టాలనుకుంటే నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెంలో మందారాలు బాగుంటాయి. వాటికి పెద్దగా వాసన లేదు. మల్లెల ఘాటు మాత్రం తాలింపు వాసనను మింగేస్తుంది. వాటిని గది మూలన ఉంచడం మేలు. మంచినీళ్ళకు రాగి గ్లాసులు సరే, మజ్జిగకు స్టీలువే వాడాలి. పులుపు తగిలితే కళాయి లేని రాగి, ఇత్తడి చిలుమెక్కుతాయి.

అరిటాకు పెళుసుగా ఉంటే సెగకు కాస్త చూపించాలి. మైనపు పొర కరిగి ఆకు నిగనిగలాడుతూ మెత్తబడుతుంది, ఇక చిరగదు. ఆకు కొస తినేవారి ఎడమచేతి వైపు ఉండాలి. వెడల్పు భాగం కుడివైపుకు వస్తుంది కనుక చేతికి చోటు దొరుకుతుంది. ఈనెకు పైభాగాన ఉప్పు, పచ్చడి, కూర, వడియాలు. కింది భాగమంతా అన్నానిది.

వడ్డన

నీళ్ళు చిలకరించి తుడిచిన ఆకులో ముందు పక్కవంటలు, తరువాత అన్నం, పప్పు, నెయ్యి పడతాయి. కూర, పచ్చడి, పులుసు కలుపుకున్నాక పెరుగన్నం. అన్నం ఒకేసారి కుప్పగా కాక, ప్రతి మారుకూ కొద్దికొద్దిగా వడ్డిస్తే ఎవరికి ఎంత చాలో వారికే తెలుస్తుంది. భోజనం బరువెక్కదు. ముంజలు నీళ్ళలో ఉంచి, తినేముందు పొట్టు తీస్తే చాలు. చివరికి ఆకులు పశువుల ముందుకో ఎరువు గుంతకో వెళతాయి. తోమడానికి గ్లాసులు, వంట గిన్నెలు మాత్రమే మిగులుతాయి.