విస్తరణకు ముందస్తు పర్యావరణ అనుమతి: విశాఖపట్నం ఎల్.జి. పాలిమర్స్ ఉదంతం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇదివరకే నడుస్తున్న పరిశ్రమ కొత్త యంత్రశ్రేణిని చేర్చినా, ఉత్పత్తిని పెంచినా, ఉత్పత్తుల కూర్పును మార్చినా ఏయే అనుమతులు పొందాలన్న ప్రశ్న పర్యావరణ పాలనలో కీలకమైనది. 2020 మే 7న విశాఖపట్నంలో జరిగిన స్టైరీన్ ఆవిరి దుర్ఘటన ఈ ప్రశ్నను దేశం ముందు నిలిపింది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతికీ, పర్యావరణ అనుమతికీ మధ్య గల భేదాన్ని ఆ ఉదంతం ఆధారంగా వివరించి, గాజు పునశ్చక్రీయం వంటి ప్రయోజనకరమైన చేర్పులకు ఆ సూత్రాలు ఎలా వర్తిస్తాయో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: పర్యావరణ అనుమతి, సమ్మతి, విస్తరణ, విశాఖపట్నం, ఎల్.జి. పాలిమర్స్, గాజు పునశ్చక్రీయం.

1. ఉపోద్ఘాతం

విశాఖపట్నం పారిశ్రామిక నగరంగా ఒక్కనాడు ఏర్పడింది కాదు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది. తరువాతి దశాబ్దాలలో ఎరువులు, పాలిమర్లు, ఉక్కు పరిశ్రమలు తోడయ్యాయి. కైలాసగిరి, యారాడ కొండల వరుసల నడుమ గిన్నెవలె ఉన్న నేలలో నగరం విస్తరించడంతో, గాలిలో చేరిన కాలుష్యం త్వరగా చెదిరిపోయే వీలు తక్కువ. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రూపొందించిన సమగ్ర పర్యావరణ కాలుష్య సూచికలో విశాఖపట్నానికి 70.82 పాయింట్లు వచ్చాయి. 70 దాటిన ప్రాంతాలను తీవ్ర కలుషిత ప్రాంతాలుగా పరిగణించి, 2010 జనవరిలో 43 ప్రాంతాలలో కొత్త ప్రాజెక్టుల పర్యావరణ అనుమతుల పరిశీలనను కేంద్రం తాత్కాలికంగా నిలిపివేసింది. వాటిలో విశాఖపట్నం ఒకటి. ఇటువంటి చోట పాత పరిశ్రమలో జరిగే ప్రతి చేర్పూ ఆ పరిశ్రమ ప్రాకారాన్ని దాటి చుట్టుపక్కల జనజీవనాన్ని తాకుతుంది.

2. రెండు వేర్వేరు అనుమతులు

పరిశ్రమకు కావలసిన అనుమతులలో ప్రధానమైనవి రెండు విధాలు. మొదటిది సమ్మతి. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్, 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం 21వ సెక్షన్ దీనికి ఆధారం. దీనిని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నిర్మాణానికి ముందు పొందేదాన్ని సి.ఎఫ్.ఇ. అనీ, ఉత్పత్తి ప్రారంభానికి ముందు పొందేదాన్ని సి.ఎఫ్.ఓ. అనీ వ్యవహరిస్తారు. ఎంత వ్యర్థజలం విడుదల చేయవచ్చు, పొగగొట్టం నుండి ఏ మేరకు ఉద్గారాలు వెలువడవచ్చు అన్న పరిమితులను ఇది నిర్ణయిస్తుంది.

రెండవది పర్యావరణ అనుమతి. 1984 భోపాల్ విషాదం తరువాత వచ్చిన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం దీనికి మూలం. ఆ చట్టం కింద 1994 జనవరి 27న మొదటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన, 2006 సెప్టెంబర్ 14న దాని స్థానంలో ప్రస్తుత ప్రకటన వెలువడ్డాయి. ప్రాజెక్టు వడబోత, అధ్యయన పరిధి నిర్ణయం, ప్రజాభిప్రాయ సేకరణ, నిపుణుల మూల్యాంకనం అన్నవి ఇందులోని నాలుగు దశలు. ‘ఎ’ శ్రేణి ప్రాజెక్టులకు కేంద్ర మంత్రిత్వ శాఖ, ‘బి’ శ్రేణికి రాష్ట్ర పర్యావరణ ప్రభావ అంచనా ప్రాధికార సంస్థ అనుమతినిస్తాయి. షెడ్యూలులో సాధారణ షరతు వర్తించే అంశాలలో, తీవ్ర కలుషిత ప్రాంతానికి సమీపంలోని ‘బి’ ప్రాజెక్టును ‘ఎ’గా పరిగణిస్తారు. ఈ దూరం 2006లో 10 కిలోమీటర్లు కాగా, 2014 సవరణతో 5 కిలోమీటర్లకు తగ్గింది.

సమ్మతి ‘ఎంత వదలవచ్చు’ అని చెబుతుంది. పర్యావరణ అనుమతి ‘ఇక్కడ, ఈ పరిమాణంలో, ఈ పని అసలు చేయవచ్చునా’ అని విచారిస్తుంది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు.

3. ‘విస్తరణ’కు నిర్వచనం

పాత పరిశ్రమల విషయంలో వివాదమంతా ‘విస్తరణ’ అన్న మాట చుట్టూ తిరుగుతుంది. 1994 ప్రకటన ప్రకారం, షెడ్యూలులోని కార్యకలాపం విస్తరణ గాని ఆధునికీకరణ గాని కాలుష్య భారాన్ని ఉన్నదానికంటె పెంచేదైతే ముందస్తు అనుమతి అవసరం. 2006 ప్రకటన ఉత్పత్తి సామర్థ్యాన్నీ, ఉత్పత్తుల కూర్పునూ కొలమానంగా తీసుకొంది. షెడ్యూలులో చెప్పిన పరిమితిని దాటించే సామర్థ్య వృద్ధికీ, నిర్దిష్ట పరిధిని మించిన ఉత్పత్తుల మార్పుకూ ముందస్తు అనుమతి తప్పనిసరి. 2016 నవంబర్ 23 నాటి సవరణ కొంత వెసులుబాటు కల్పించింది. మొత్తం అనుమతించిన సామర్థ్యం మారకుండా, కాలుష్య భారం పెరగకుండా అదే వర్గంలో ఉత్పత్తులను మార్చుకొంటే మళ్ళీ అనుమతి అక్కరలేదు. అయితే ఈ వెసులుబాటు మొదట పర్యావరణ అనుమతి ఉన్న పరిశ్రమకే అన్వయిస్తుంది. అసలు అనుమతే లేనిచోట దేనితో పోల్చి ‘మార్పు లేదు’ అని చెప్పగలరు?

4. ఎల్.జి. పాలిమర్స్ ఉదంతం

గోపాలపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో ఈ కర్మాగారం ఏర్పడింది. 1978లో యు.బి. గ్రూపునకు చెందిన మెక్‌డొవెల్ సంస్థలో విలీనమై, 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్.జి. కెమ్ చేతికి వచ్చింది. ఇది స్టైరీన్ నుండి పాలీస్టైరీన్ తయారుచేసే పరిశ్రమ. పైన చెప్పిన చట్టాలేవీ లేని కాలంలో పుట్టిన పరిశ్రమ కాబట్టి, తరువాత వచ్చిన నిబంధనల కింద ప్రతి విస్తరణనూ విడిగా పరిశీలించవలసి ఉంది.

2019 మేలో రాష్ట్ర ప్రాధికార సంస్థకు సమర్పించిన ప్రమాణపత్రంలో, ఉత్పత్తి చేస్తున్న పరిమాణానికి తగిన చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ వద్ద లేదని సంస్థ స్వయంగా పేర్కొంది. అయినా ఉత్పత్తి కొనసాగింది. 2020 మే 7 తెల్లవారుజామున నిల్వ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. నిద్రలో ఉన్న పరిసర గ్రామాల ప్రజలు రోడ్లపైకి పరుగులు తీశారు. 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు.

స్టైరీన్ అణువులు తమంతట తాము కలిసి పాలిమరుగా మారగలవు. ఈ చర్యలో వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను మరింత వేగవంతం చేస్తుంది. అందువల్ల నిల్వలో చల్లదనాన్ని కాపాడడం, టెర్షియరీ బ్యూటైల్ కాటెకాల్ అనే నిరోధకాన్ని తగిన మోతాదులో ఉంచడం అనివార్యం. ట్యాంకు రూపకల్పన లోపాలు, శీతలీకరణ వైఫల్యం, ద్రవాన్ని సమంగా ప్రసరింపజేసే ఏర్పాటు లేకపోవడం, నిరోధకం కొరత, అపాయ సైరన్ మోగకపోవడం మొదలైనవాటిని 2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వ ఉన్నతాధికార సంఘం నివేదిక ఎత్తిచూపింది.

అనుమతి లేకపోవడమే ఆవిరి వెలువడడానికి ప్రత్యక్ష కారణమని చెప్పడం శాస్త్రీయం కాదు. ఆ రాత్రి విఫలమైనది భద్రతా నిర్వహణ. ప్రమాదకర రసాయనాల నిల్వకు 1989 నాటి నియమాలు విడిగా ఉన్నాయి. అయితే పర్యావరణ అనుమతి ప్రక్రియలో అపాయ అంచనా, విపత్తు నిర్వహణ ప్రణాళిక, ప్రజాభిప్రాయ సేకరణ భాగాలు. ఆ ప్రక్రియ జరగనప్పుడు, పెరిగిన ఉత్పత్తి పరిమాణానికి తగిన అపాయ పరిశీలన స్వతంత్ర నిపుణుల ముందుకు రాదు. ప్రాకారం అవతల నివసించేవారికి ట్యాంకులో ఏముందో అడిగే సందర్భమూ రాదు. వెంకటాపురం వాసులు కోల్పోయిన అవకాశం ఇదే.

జాతీయ హరిత ట్రైబ్యునల్ మే 8న ఈ విషయాన్ని స్వయంగా స్వీకరించి, ప్రాథమికంగా 50 కోట్ల రూపాయలు జమచేయాలని సంస్థను ఆదేశించింది. జూన్‌లో ఇచ్చిన ఉత్తర్వులో, చట్టబద్ధమైన అనుమతులు లేకుండా పరిశ్రమను నడవనిచ్చిన బాధ్యులను గుర్తించి చర్య తీసుకోవాలని రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి సూచించింది. బాధ్యత కర్మాగారంతో ఆగిపోదని ఈ సూచన తెలుపుతుంది.

5. గాజు పునశ్చక్రీయానికి అన్వయం

పై సూత్రాలు హానికరమైన రసాయనాలకే పరిమితమా? ఉదాహరణకు, నడుస్తున్న పరిశ్రమ ఒకటి తన ఆవరణలో గాజు పునశ్చక్రీయ విభాగాన్ని చేర్చదలచిందనుకొందాం. పర్యావరణపరంగా ఇది మేలైన పని. గాజు కొలిమి సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వద్ద పనిచేస్తుంది. ముడిపదార్థంలో పగిలిన గాజు వాటా ప్రతి 10 శాతం పెరిగినప్పుడు కొలిమికి కావలసిన శక్తి సుమారు 2 నుండి 3 శాతం తగ్గుతుంది. సోడా యాష్, సున్నపురాయి కరిగేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. అయినా సదుద్దేశం అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. నాలుగు ప్రశ్నలకు సమాధానం కావాలి.

మొదటిది: ఆ పని 2006 షెడ్యూలులో ఉందా? గాజు పునశ్చక్రీయం అందులో ప్రత్యేక అంశంగా లేదు. కాబట్టి స్వతంత్రంగా నెలకొల్పితే సాధారణంగా కాలుష్య నియంత్రణ మండలి సమ్మతే ప్రధానం. రెండవది: మాతృ పరిశ్రమ షెడ్యూలులో ఉందా? ఉక్కు, పెట్రోరసాయన పరిశ్రమల వంటివైతే, వాటి పర్యావరణ అనుమతిలోని షరతులు, ఆమోదించిన స్థల ప్రణాళిక, నీటి వినియోగ పరిమితులు కొత్త చేర్పుతో మారుతున్నాయేమో చూడాలి. మూడవది: కాలుష్య భారం పెరుగుతుందా? గాజును నలగగొట్టేటప్పుడు ధూళి, శబ్దం, కడిగేటప్పుడు వ్యర్థజలం, కరిగిస్తే నత్రజని ఆక్సైడ్లు వెలువడతాయి. వీటిని విడిగా కాక, ఆవరణలో ఇప్పటికే ఉన్న భారానికి కలిపి లెక్కించాలి. నాలుగవది: వచ్చే గాజు ఎటువంటిది? సీసాల గాజు వేరు, పాత టెలివిజన్ల పిక్చర్ ట్యూబుల గాజు వేరు. రెండవదానిలో సీసం ఉంటుంది. ట్యూబ్‌లైట్ల గాజుకు పాదరసం అంటి ఉంటుంది. బేసెల్ ఒప్పందం సాధారణ గాజు ముక్కలను ఒక జాబితాలోనూ, పిక్చర్ ట్యూబుల గాజును ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనూ చేర్చింది. ఓడరేవు నగరంలో ఈ భేదానికి మరింత ప్రాధాన్యం ఉంది. అటువంటి గాజును స్వీకరిస్తే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు, 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలు కూడా వర్తిస్తాయి.

6. తరువాత తెచ్చుకొనే అనుమతి

ముందు నడిపి తరువాత అనుమతి తెచ్చుకోవచ్చునా అన్నది ఇంకా సద్దుమణగని వివాదం. అనుమతి లేకుండా విస్తరించిన పరిశ్రమలు దరఖాస్తు చేసుకోవడానికి 2017 మార్చి 14 నాటి ప్రకటన ఆరు నెలల గడువు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 1న అలెంబిక్ ఫార్మాస్యూటికల్స్ కేసులో సుప్రీంకోర్టు, కార్యానంతర అనుమతి పర్యావరణ న్యాయశాస్త్రానికి విరుద్ధమని చెప్పింది. విశాఖ దుర్ఘటన ఆ తీర్పు వచ్చిన అయిదు వారాలకు జరిగింది. 2025 మే 16న వనశక్తి కేసులో కార్యానంతర అనుమతులకు వీలిచ్చిన ప్రకటనలను కోర్టు కొట్టివేసింది. అదే ఏడాది నవంబర్ 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం 2:1 మెజారిటీతో ఆ తీర్పును ఉపసంహరించింది. నిర్మాణాలు కూల్చివేస్తే కలిగే నష్టం ఒకవైపు, ముందుజాగ్రత్త సూత్రం మరొకవైపు ఈ చర్చలో తూగుతున్నాయి.

7. ముగింపు

కార్యానంతర అనుమతి కట్టిన గోడలను క్రమబద్ధం చేయగలదు. జరిగిపోయిన కాలంలో ప్రజలు ఎదుర్కొన్న అపాయాన్ని వెనక్కి తీసుకోలేదు. పాలిమర్ ట్యాంకైనా, గాజు కొలిమైనా, కొత్త చేర్పు చేసేముందు ఉన్న స్థితిని ఖచ్చితంగా నమోదు చేయడం, పెరిగే భారాన్ని మొత్తంగా లెక్కించడం, ఇరుగుపొరుగు ప్రజలకు తెలియజేయడం అన్న మూడూ విడదీయరానివి. సమ్మతి పత్రాన్ని పునరుద్ధరించే ప్రతిసారీ, ఆ పరిమాణానికి పర్యావరణ అనుమతి అవసరమా, అవసరమైతే ఉన్నదా అని సరిచూసే విధానం ఏర్పడితే, ఈ రెండు అనుమతుల నడుమ ఉన్న సందు మూసుకుపోతుంది. వెంకటాపురం ఉదంతం నుండి పర్యావరణ పాలన గ్రహించవలసిన ప్రధానాంశం ఇదే.